సాతానుని శోధించింది ఎవరు? మంచి దూత చెడుని ఎందుకు ఎంచుకున్నాడు?

చీపురుపల్లి_సిస్టర్:
అందరికీ వందనాలండి. మాది బాప్టిస్టు సంఘం, ఈ వేసవిలో పిల్లలకి వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) క్లాసులు నేనే చెప్తన్నాను. మొన్న ఆదికాండం మూడో అధ్యాయం, హవ్వ, సర్పం, పండు, అంతా బొమ్మలు చూపించి చెప్పాను. నాలుగో తరగతి గుంట ఒకర్తి లేచి, టీచర్, హవ్వని పాము మోసం చేసింది, పాములో సాతాను ఉన్నాడు, మరి సాతానుని ఎవులు మోసం చేసారు అని అడిగింది. గర్వం వల్ల పడిపోయాడమ్మా అన్నాను. గర్వం ఎవులిచ్చారు టీచర్ అంది. పిల్లలందరూ నా మొహమే చూస్తన్నారు, పాట పాడించి ఆ రోజుకి ముగించాను.

కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదండి. దేవుడు చేసినదంతా "చాల మంచిదిగ నుండెను" అని ఒకటో అధ్యాయం ఆఖర్న ఉంది, మూడో అధ్యాయం మొదట్లోనే శత్రువు వచ్చి నిలబడ్డాడు, మధ్యలో ఏం జరిగిందో ఒక్క ముక్క లేదు. హవ్వకైతే బయట నుంచి ఒకడొచ్చి మాయమాటలు చెప్పాడు. వాడికి ఎవరూ చెప్పలేదు. ఆకలి లేదు, అప్పు లేదు, శరీరమే లేదు, దేవుని సన్నిధిలో ఉన్నాడు. అలాంటోడు చెడుని ఎందుకు కోరుకున్నాడు? తెలిసినోళ్ళు చెప్పండి. "అది మర్మం" అని ఒక్క మాటతో మాత్రం వదిలీకండి, అది నాకూ తెలుసు.

రాజాం_మాస్టారు:
అమ్మా, వందనాలు. ఆ పిల్లకి నా ఆశీస్సులు చెప్పు. మనకి వాక్యంలో జవాబు ఉన్నాది. యెషయా 14 చదువు, "తేజోనక్షత్రమా, వేకువచుక్కా, నీవెట్లు ఆకాశమునుండి పడితివి" అని మొదలవుతుంది, తర్వాత వాడి మనసులో మాట ఉంటాది, "మహోన్నతునితో నన్ను సమానునిగా చేసికొందును" అని. యెహెజ్కేలు 28లో అభిషేకం పొందిన కెరూబు అనే దూత, దేవుని పర్వతం మీద తిరిగినవాడు, తన అందం చూసుకుని గర్వించాడు అని ఉంది. కొత్త నిబంధనలో 1 తిమోతి 3:6, కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాడిని పెద్దగా పెట్టొద్దు, గర్వించి అపవాదికి, అంటే సాతానుకి, వచ్చిన శిక్షలో పడతాడు అన్నాడు పౌలు. మూడూ కలిపి చూస్తే గర్వమే మూలం. ఆ గర్వం ఎవరిచ్చారంటే ఎవరూ ఇవ్వలేదు, తనకి దేవుడిచ్చిన అందాన్ని, తెలివిని చూసుకుని, ఇచ్చినవాడిని మర్చిపోయాడు. ఇచ్చింది మంచిదే, చూసుకున్న తీరు చెడ్డది.

పలాస_బాబు:
నేను క్రిస్టియన్ని కాదు మాస్టారూ, కానీ ఇలాంటి చర్చ అంటే నాకు ఇష్టం, తప్పుగా అనుకోకండి. ఆ గుంట అడిగిన రెండో ప్రశ్నకి మీరు జవాబు చెప్పలేదు. తన అందం చూసుకున్నాడు సరే, చూసుకుని పొంగిపోయే గుణం ముందే లోపల ఉంటేనే కదా పొంగిపోతాడు. ఆ గుణం ఉన్నట్టుగా తయారుచేసింది ఎవరు? లేదు, గుణం మంచిదే అంటే, మంచి గుణం లోంచి గర్వం ఎలా పుట్టింది? ఇంకోటి, దేవుడికి అన్నీ ముందే తెలుసు అంటారు, వీడు ఇలా చేస్తాడని తెలిసి చేసాడా, తెలీక చేసాడా? తెలిసి చేస్తే బాధ్యత ఎవరిది? ఇది ఎగతాళికి అడగటం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతన్నాను.

గజపతినగరం_అన్న:
ప్రైజ్ ద లార్డ్. సిస్టర్, నేను పెంతెకొస్తు సేవలో ఉన్నవాడిని, పల్లెల్లో ప్రార్థనలకి తిరుగుతాను, నా మనవి ఒక్కటే. సాతాను గురించి ఎక్కువ తవ్వకండి. మా దగ్గరకి వచ్చేవాళ్ళలో సగం మంది యేసయ్య గురించి తెలుసుకున్నదాని కంటే వాడి గురించి విన్నదే ఎక్కువ, రాత్రి కుక్క అరిస్తే వాడే, కోడి చస్తే వాడే, పిల్లకి జ్వరం వస్తే వాడే. ఇంకో సంగతి, మన ఊళ్ళల్లో దెయ్యం అంటే చచ్చిపోయినోళ్ళ ఆత్మ అనుకుంటారు, బావిలో పడిపోయిన కోడలు, ఉరేసుకున్న కుర్రాడు. బైబిల్ చెప్పే అపవాది అది కాదు, వాడు ఎప్పుడూ మనిషి కాదు, దూతగా చెయ్యబడినవాడు. పిల్లలకి ముందు ఈ తేడా చెప్పండి, రాత్రిళ్ళు భయపడరు. వాడు ఎందుకు పడ్డాడో తెలిసినా తెలియకపోయినా మనకిచ్చిన ఆజ్ఞ యాకోబు 4:7, "అపవాదిని ఎదిరించుడి, అప్పుడు వాడు మీయొద్దనుండి పారిపోవును". అది చాలు అని నా నమ్మకం.

నాగావళి_ఒడ్డు:
నమస్తే అందరికీ. నేను శ్రీకాకుళం, ఆర్‌సీఎం, అంటే రోమన్ కథోలిక సంఘం. అన్నగారు చెప్పిన తేడా చాలా అవసరమైంది, కానీ "తవ్వకండి" అన్న మాట మీద నాకు వేరే అభిప్రాయం ఉంది, ఎందుకంటే ఈ ప్రశ్నని మన పెద్దలు 1600 ఏళ్ళకి పైగా తవ్వుతూనే ఉన్నారు, అదీ భక్తితోనే.

ముందు మాస్టారు గారు చెప్పిన రెండు భాగాల గురించి. యెషయా 14 నాలుగో వచనం చూడండి, అది బబులోను రాజు మీద పాట అని తిన్నగా ఉంది. కిందకి పోతే, భూమిని వణికించిన మనిషి ఇతడేనా అని సమాధుల దగ్గర జనం చూసి అనుకుంటారు. యెహెజ్కేలు 28 తూరు రాజు గురించి, అక్కడ అతని పాపంలో వర్తకం, వర్తకంతో పెరిగిన అన్యాయం కూడా ఉన్నాయి. దూత వ్యాపారం చెయ్యడు కదా. ఈ రెండిటిని సాతానుకి అన్వయించి విడమర్చి చెప్పినవాళ్ళలో ముఖ్యుడు మూడో శతాబ్దపు సంఘ పండితుడు ఓరిగెను. ఆ తర్వాత సంఘమంతా అలాగే చదివింది, కానీ మీ ప్రొటెస్టెంట్ల వైపు కాల్విన్ యెషయా 14ని అలా చదవటం తెలియనితనం అని గట్టిగానే రాసాడు. అన్వయం తప్పని నేను అనను, రాజుల గర్వం వెనకాల వాడి నీడ ఉందనుకోవచ్చు. కానీ అది సాక్ష్యం కాదు.

తిన్నగా వాడి గురించే చెప్పిన మాటలు తక్కువ. యోహాను 8:44లో ప్రభువు, వాడు ఆదినుండి నరహంతకుడు, సత్యమందు నిలిచినవాడు కాదు, అబద్ధానికి జనకుడు అన్నాడు. యూదా 6లో తమ ప్రధానత్వాన్ని నిలుపుకోక తమ నివాసాన్ని విడిచిన దూతలు. 2 పేతురు 2:4లో పాపం చేసిన దూతలు. లూకా 10:18లో మెరుపులా పడటం. గమనించండి, ఇవన్నీ "పడ్డాడు, నిలవలేదు, విడిచిపెట్టాడు" అంటాయి, "ఫలానా కారణానికి" అని ఒక్కటీ విప్పి చెప్పదు. తిమోతి పత్రిక ఒక్కటే గర్వం వైపు వేలు చూపిస్తుంది.

రాజాం_మాస్టారు:
నాగావళి గారూ, కాల్విన్ అన్నాడని యెషయా 14ని నేను వదులుకోను. కీర్తనల్లో దావీదు తన గురించి పాడిన మాటలు క్రీస్తుకి చెల్లాయి, అలాగే రాజు గురించి చెప్పిన మాట వాడికీ చెల్లుతాది. ప్రకటన 12 కూడా ఉంది కదా, మిఖాయేలు దూతతో యుద్ధం, ఆదిసర్పము పడద్రోయబడుట.

నాగావళి_ఒడ్డు:
ఉంది మాస్టారూ, కానీ ఆ అధ్యాయంలో యుద్ధం మగశిశువు పుట్టి దేవుని దగ్గరకి ఎత్తబడ్డ తర్వాత వస్తుంది, గొర్రెపిల్ల రక్తం బట్టి జయించారని పదకొండో వచనం. అంటే అది క్రీస్తు విజయం గురించి. సృష్టికి ముందు జరిగినదని మనం ప్రసంగాల్లో వినటం వేరు. ఆదిసర్పమే సాతాను అని చెప్పటానికి మాత్రం 12:9 గట్టి ఆధారం, ఆదికాండం ఆ పేరు ఎత్తదు.

కోట_జంక్షన్:
అస్సలాం అలైకుం, విజయనగరం నుంచి. మా దగ్గర ఈ కథకి కారణం స్పష్టంగా ఉంది, చెప్పొచ్చా? ఖురాన్‌లో అల్లాహ్ ఆదాముని మట్టితో చేసి, సాష్టాంగపడండి అని దూతలకి ఆజ్ఞ ఇస్తాడు, ఇబ్లీసు ఒక్కడూ పడడు. ఎందుకు అని అడిగితే, నేను అతనికంటే మేలు, నన్ను అగ్నితో చేసావు, అతన్ని మట్టితో చేసావు అంటాడు, 7వ సూరా 12వ ఆయత్. అంటే మనిషి మీద అసూయ, తన పుట్టుక మీద గొప్ప. 18వ సూరా ఇబ్లీసు జిన్నుల్లోవాడు అంటుంది, అందుకని దూత ఎలా పాపం చేసాడు అన్న చిక్కు మాకు అంతగా రాదు, జిన్నులకి మనుషుల్లాగే ఎంచుకునే శక్తి ఉంది. మీ దగ్గర ఈ అసూయ సంగతి లేదా?

నాగావళి_ఒడ్డు:
ఉంది భాయ్, అందులోనూ చాలా పాతది. మా కథోలిక బైబిల్లో సొలోమోను జ్ఞానగ్రంథం ఉంటుంది, అందులో 2:24, పిశాచం అసూయ వల్ల మరణం లోకంలోకి వచ్చింది అని. రెండో శతాబ్దంలో ఇరేనియస్, మూడో శతాబ్దంలో కార్తేజి బిషప్పు సిప్రియాను కూడా, దేవుని పోలికలో చెయ్యబడ్డ మనిషిని చూసి ఓర్వలేకపోయాడు అన్నారు. తర్వాత అగస్టీను అనే బిషప్పు వచ్చి వరస సరిచేసాడు, అసూయ గర్వానికి పుట్టేదే గానీ గర్వాన్ని పుట్టించేది కాదు అని. నేనే పైవాడిని అనుకున్నవాడికే పక్కవాడి బాగు చూస్తే మంట. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాసు ఇంకో మాట కలిపాడు, అది చీపురుపల్లి సిస్టర్ అడిగినదానికి తిన్నగా తగులుతుంది. శరీరం లేనివాడికి తిండి, డబ్బు, ఆడది, ఇవేవీ పట్టవు. కాబట్టి వాడు చెయ్యగల పాపాలు రెండే, గర్వం, దాని వెనక అసూయ. మరి దేవునితో సమానం అవ్వాలనుకున్నాడంటే నిజంగా దేవుడైపోవాలనా? అంత తెలివైన దూతకి అది కుదరదని తెలుసు. అక్వినాసు ఏమంటాడంటే, వాడు కోరుకున్నది సంతోషమే, చివరి ఆనందమే, కానీ దాన్ని దేవుడి చేతిలోంచి పుచ్చుకోకుండా తన శక్తితో తానే సాధించుకోవాలనుకున్నాడు. చేరాల్సిన చోటు మంచిదే, ఒకరి దయవల్ల చేరటం వాడికి ఇష్టం లేదు.

పలాస_బాబు:
ఇది బావుంది. దయ పుచ్చుకోవటం ఇష్టంలేనోళ్ళు నాకు తెలుసు, చచ్చినా ఒకరి దగ్గర చెయ్యి చాపరు, ఊళ్ళో అందరూ వాళ్ళని గొప్పోళ్ళు అంటారు. కానీ సార్, ఇంకా అదే ప్రశ్న. ఎందుకు ఇష్టంలేకపోయింది?

మా వైపు కథ చెప్తాను. జయవిజయులు వైకుంఠం గుమ్మం దగ్గర కాపలాదారులు, సనకసనందనాది మునుల్ని లోపలికి పోనివ్వలేదు, శాపం తగిలింది. విష్ణుమూర్తి అడిగాడు, భక్తులుగా ఏడు జన్మలా, శత్రువులుగా మూడు జన్మలా అని. తొందరగా తిరిగొచ్చీవచ్చని శత్రువులుగా మూడు కోరుకున్నారు. హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు, అయిపోనాక మళ్ళీ ఆ గుమ్మం దగ్గరకే. సింహాచలం వెళ్ళినప్పుడల్లా మా నాయనమ్మ ఇదే చెప్పీది, అప్పన్న చేతిలో చచ్చినోడు కూడా అప్పన్న మనిషేరా అని. ఆ కథలో పడిపోటానికి కారణం ఉంది, పడిపోయినా ఇంటికి తిరిగి దారి ఉంది. మీ కథలో కారణమూ లేదు, దారీ లేదు. అదే నాకు మింగుడు పడదు.

అడ్మిన్:
మంచి చర్చ, ఇలాగే సాగించండి. ఏ మతం కథ గొప్పది అనే పోటీలోకి మాత్రం పోవద్దు.

నాగావళి_ఒడ్డు:
పలాస_బాబు, నువ్వు పట్టుకున్న తేడా సరైనదే, దాన్ని పూడ్చెయ్యాలని నేను చూడను. దారి సంగతి తర్వాత రాస్తాను, ముందు కారణం.

అగస్టీను 354లో ఇప్పటి అల్జీరియాలో ఉన్న తగస్తేలో పుట్టాడు, యవ్వనంలో తొమ్మిదేళ్ళ పాటు మానీ మతంలో ఉన్నాడు. వాళ్ళు నీ ప్రశ్నకి చక్కటి జవాబు చెప్పేవారు, వెలుగు ఒక శక్తి, చీకటి ఇంకో శక్తి, రెండూ మొదట్నుంచీ ఉన్నాయి, చెడు రెండోదాన్నుంచి వస్తుంది అని. అగస్టీను దాన్ని వదిలీసాడు. బిషప్పు అయ్యాక, ముసలితనానికి దగ్గరపడ్డాక దేవుని నగరం అనే పెద్ద పుస్తకంలో పన్నెండో భాగంలో ఇలా అన్నాడు, చెడ్డ సంకల్పానికి దాన్ని పుట్టించిన కారణం ఎవరూ వెతకొద్దు, అది ఒక పని కాదు, ఒక లోపం, పైదాన్నుంచి కిందదానికి తిరిగిపోవటం. దానికి కారణం వెతకటం అంటే చీకటిని చూడాలని, నిశ్శబ్దాన్ని వినాలని ప్రయత్నించటం లాంటిది. దూత శూన్యంలోంచి చెయ్యబడ్డాడు కాబట్టి మారిపోగలడు, దేవుడు మారడు. మారగలగటం చెడు కాదు, మారటం వాడి పని.

తర్వాత 11వ శతాబ్దంలో అన్సెల్ము, నార్మండీలో మఠంలో ఉన్నప్పుడు, అచ్చంగా అపవాది పతనం మీదే చిన్న పుస్తకం రాసాడు, గురువు శిష్యుడు మాట్లాడుకున్నట్టుగా. శిష్యుడు అచ్చం నీలాగే వదలడు. దూతకి రెండు కోరికలు ఉన్నాయంటాడు అన్సెల్ము, ఒకటి తనకి మేలైనది కావాలని, రెండోది న్యాయంగా ఉండాలని. మొదటిదీ దేవుడిచ్చిందే, చెడ్డది కాదు. రెండోది మొదటిదానికి హద్దు. వాడు ఏదో మేలుని, అప్పటికి ఇంకా తనకి ఇవ్వని దాన్ని, హద్దు దాటి కోరుకున్నాడు, న్యాయాన్ని వదిలీసాడు. శిష్యుడు, మరి ఎందుకు కోరుకున్నాడు అంటాడు. గురువు జవాబు, కోరుకున్నాడు కాబట్టే. ఆ కోరిక వెనకాల దాన్ని నెట్టిన ఇంకో కారణం లేదు, అదే తనకి తాను కారణం అయ్యింది.

నేను మొదటిసారి చదివినప్పుడు ఇది తప్పించుకోవటం అనిపించింది. ఇప్పుడు అలా అనిపించదు. వెనకాల చాలినంత కారణం ఒకటి దొరికితే తప్పు ఆ కారణానిది అయిపోతుంది, వాడిది కాదు. గుణం కారణమైతే గుణం ఇచ్చినవాడిది. ఎవరో శోధిస్తే ఆ శోధించినవాడిది, మళ్ళీ వాడిని ఎవరు శోధించారు అని మొదలు. ఎక్కడో ఒక చోట ఒకడు "నేనే" అని నిలబడాలి. మా సంఘం 1215లో లాటెరను మహాసభలో ఒప్పుకున్న మాట కూడా ఇంతే, అపవాదిని, మిగతా దయ్యాల్ని దేవుడు స్వభావంలో మంచిగానే చేసాడు, వాళ్ళంతట వాళ్ళే చెడ్డవాళ్ళయ్యారు.

బొబ్బిలి_అక్క:
చదువుతా ఉండిపోయాను ఇంతసేపూ. నేను రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తన్నాను.

మా తమ్ముడు మంచోడు, ఉద్యోగం ఉంది, తాగడు, అప్పుల్లేవు. అమ్మ రెండు పేటల గొలుసు ట్రంకు పెట్టెలో చీరల కింద పెట్టుకునేది, నాన్న పోయాక అది ఒక్కటే మిగిలింది అమ్మకి. వాడు తీసి అమ్మీసాడు. అమ్మ వెతుకుతుంటే పక్కన కూర్చుని వాడూ వెతికాడండి, చీర ఒక్కోటీ దులిపి చూసాడు. పనిచేసే అమ్మాయి మీద అనుమానం వస్తే కాదు అనలేదు. ఆ పిల్ల మానీసి వెళ్ళిపోనాది. తర్వాత బయటపడింది. చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాడు, సాతాను నన్ను వాడుకున్నాడు, ఇప్పుడు ప్రభువు విడిపించాడు అని. అందరూ ఆమెన్ అన్నారు, చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. గొలుసు తిరిగి రాలేదు, ఆ పిల్ల దగ్గరకి ఎవరూ వెళ్ళలేదు, సాక్ష్యం మాత్రం అయిపోనాది.

ఇంటికొచ్చాక వంటింట్లో నిలబెట్టి అడిగాను, ఎందుకు తీసావురా అని. చాలాసేపు ఏటీ అనలేదు. ఆఖరికి, తీయాలనిపించింది అక్కా, తీసాను అన్నాడు. వాడు చెప్పిన మాటల్లో నాకు నిజం అనిపించిన మొదటి మాట అదే. నాగావళి గారు రాసిన "కోరుకున్నాడు కాబట్టే" చదివి చెయ్యి వణికింది. సాతాను చేయించాడు అన్నప్పుడు నేను క్షమించలేకపోయాను, ఎవర్ని క్షమించాలో తెలీలేదు. తీసాను అన్నప్పుడు క్షమించటానికి ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు.

గజపతినగరం_అన్న:
అక్కా, మీ మాట నాకు గుచ్చుకుంది, అలాంటి సాక్ష్యాలు నేనూ చాలా విన్నాను. యాకోబు 1:14 చెప్తుంది, "ప్రతివాడును తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి" శోధింపబడతాడు అని, స్వకీయమైన అంటే తనదే. అపవాది లేడని కాదు, ఉన్నాడు, శోధిస్తాడు, కానీ చెయ్యి పట్టుకుని పెట్టె మూత తీయించడు. ఏదెనులో కూడా అదే జరిగింది, సర్పము నన్ను మోసపుచ్చింది అని హవ్వ, నువ్వు ఇచ్చిన స్త్రీ ఇచ్చింది అని ఆదాము, దేవుడు ఇద్దరి మాటా విన్నాడు, ఇద్దరికీ వేరువేరుగా తీర్పు చెప్పాడు. ఆ పనిమనిషి పిల్ల ఇంటికి మీ తమ్ముడు వెళ్ళాలి, మీరు చెప్పండి. సంఘంలో చెప్పిన సాక్ష్యం కంటే అది ముఖ్యం.

బొబ్బిలి_అక్క:
చెప్పాను అన్నా. ఇంకా వెళ్ళలేదు.

చీపురుపల్లి_సిస్టర్:
అక్కా, రాసినందుకు చాలా థాంక్స్. నేను రేపు ఆ పిల్లకి ఇదే చెప్పాలనుకుంటన్నాను, ఎవులూ మోసం చెయ్యలేదమ్మా, వాడే అబద్ధం మొదలెట్టాడు, అందుకే ప్రభువు వాడిని అబద్ధానికి జనకుడు అన్నాడు అని. జనకుడు అంటే వాడి ముందు ఇంకెవరూ లేరు. యోహాను 8:44ని నేను ఇప్పటిదాకా తిట్టులా చదివాను, అందులో జవాబు ఉందని ఇప్పుడే కనపడింది. అయితే పలాస బాబు అడిగిన రెండోది నాకూ కావాలి. వాడికి తిరిగొచ్చే దారి ఎందుకు లేదు? మనకి ఉంది కదా.

నాగావళి_ఒడ్డు:
ఇది నేను బాకీ ఉన్నది. ఓరిగెను ఆఖరికి అన్నీ దేవుని దగ్గరకి తిరిగొస్తాయని ఆశపడ్డాడు, అందులో అపవాది కూడా ఉన్నాడా అని అప్పట్లోనే గొడవ, ఆరో శతాబ్దంలో ఆ బోధని సంఘం తోసిపుచ్చింది. తోసిపుచ్చటానికి కారణం దేవుడికి దయ తక్కువని కాదు. 1992లో వచ్చిన కథోలిక సంఘ సత్యోపదేశంలో 393వ పేరా ఇదే చెప్తుంది, దేవుని కనికరంలో లోటు లేదు, వాళ్ళ నిర్ణయమే వెనక్కి తిరగనిది అని. మనం ఒక పని చేసాక పశ్చాత్తాపం ఎలా వస్తుంది? అప్పుడు నాకు తెలీలేదు, కోపంలో ఉన్నాను, ఆకలిగా ఉన్నాను, ఇప్పుడు చూస్తే వేరేగా ఉంది, ఇలాగే కదా. మన తెలివి ముక్కలు ముక్కలుగా తెలుసుకుంటుంది కాబట్టి మనసు మారటానికి చోటు ఉంటుంది. అక్వినాసు ప్రకారం దూతకి అలా కాదు, తెలిసింది ఒకేసారి మొత్తం తెలుస్తుంది, ఎంచుకున్నాక కొత్తగా తెలుసుకోవటానికి ఏమీ మిగలదు. అందుకని వాడు తన ఎంపికలోనే ఉండిపోయాడు. పాతకాలపు సంఘ పండితుడు డమాస్కసు యోహాను అన్న మాట, మనుషులకి చావు ఎలాంటిదో దూతలకి పతనం అలాంటిది, తర్వాత పశ్చాత్తాపం లేదు అని.

యాకోబు 2:19 ఇక్కడ చదవండి, దయ్యాలు కూడా దేవుడు ఒక్కడే అని నమ్మి వణుకుతున్నాయి. వాటికి సమాచారం తక్కువ కాలేదు.

రాజాం_మాస్టారు:
హెబ్రీ 2:16 కూడా చేర్చండి. క్రీస్తు దేవదూతల స్వభావం ధరించుకోలేదు, అబ్రాహాము సంతాన స్వభావం ధరించుకున్నాడు. మన కోసం వచ్చాడు, వాళ్ళ కోసం రాలేదు. నాకు వయసు పెరిగేకొద్దీ ఆ వచనం దగ్గర ఆగిపోతన్నాను, దూతలు మనకంటే ఎక్కువ కదా, మరి ఎక్కువైనవాళ్ళని విడిచి మట్టి మనుషుల కోసం రావటం ఏటి అని. మత్తయి 25:41లో నిత్యాగ్ని కూడా అపవాదికి, వాడి దూతలకి సిద్ధపరచింది అని ఉంది, మనిషి కోసం అని లేదు.

పలాస_బాబు:
మాస్టారూ, నాగావళి సార్, మీరు ఓపిగ్గా చెప్తన్నారు, నాకు గౌరవం ఉంది. నాకు ఇంకా తెగనిది ఒక్కటే. ఇద్దరు దూతల్ని తీసుకోండి, మిఖాయేలు ఒకడు, వీడు ఒకడు. ఇద్దర్నీ ఒకే దేవుడు చేసాడు, ఇద్దరికీ తెలివి, స్వేచ్ఛ, ఒకే సన్నిధి. ఒకడు నిలబడ్డాడు, ఒకడు పడిపోనాడు. ఇద్దరిలో ఏ తేడా లేకపోతే అది లాటరీ. తేడా ఉంటే ఆ తేడా పెట్టింది దేవుడు.

నాగావళి_ఒడ్డు:
తమ్ముడూ, ఇదే అసలు ముడి, అగస్టీను కూడా ఇక్కడ ఇబ్బంది పడ్డాడు. పన్నెండో భాగంలోనే రెండు దార్లు రాసి పెట్టాడు, పడినవాళ్ళకి నిలిచినవాళ్ళకంటే తక్కువ కృప అందిందో, లేక ఇద్దరూ సమానంగా మంచిగా చెయ్యబడి, వీళ్ళు తమ సంకల్పంతో పడితే వాళ్ళకి ఎక్కువ సాయం అందిందో అని. అన్సెల్ము పుస్తకం మొదలయ్యేదే ఇక్కడ, "నీకు కలిగిన వాటిలో పరునివలన నీవు పొందనిది ఏది" అని పౌలు కొరింథీయులకి రాసాడు కదా, మరి నిలకడ అనేది దూత పొందలేదంటే ఇవ్వనివాడిది కదా తప్పు అంటాడు శిష్యుడు. గురువు దాన్ని తిరగేస్తాడు, దేవుడు ఇవ్వలేదు కాబట్టి వాడు పొందలేదు అని కాదు, వాడు పుచ్చుకోలేదు కాబట్టి ఇచ్చినట్టు కాలేదు అని. నేను ఈ వైపు. ఎంచుకోటానికి ముందే తేడా వెతికితే ఎంపిక అనేదే మిగలదు.

రాజాం_మాస్టారు:
నేను ఇక్కడ మీతో లేను. 1 తిమోతి 5:21లో "ఏర్పరచబడిన దేవదూతలు" అని ఉన్నాది. నిలిచినవాళ్ళు దేవుని ఏర్పాటు వల్ల నిలిచారు. పడినవాళ్ళని ఎవరూ తోసెయ్యలేదు, వదిలితే వాళ్ళంతట వాళ్ళు పడ్డారు. ఎందుకు అందర్నీ పట్టుకోలేదంటే అది ఆయన ఇష్టం, నేను నోరు మూసుకుంటాను.

పలాస_బాబు:
అంటే మీ ఇద్దరి లెక్కా ఆఖరికి ఒకటే. మిఖాయేలు నిలబడితే ఆ ఘనత దేవుడిది, వీడు పడిపోతే ఆ తప్పు వీడిది. మంచికి కారణం పైన ఉంటుంది, చెడుకి కారణం పైన ఉండదు. ఈ రెండు పళ్ళేలూ సమంగా తూగటం లేదు, నేను ఒప్పుకోలేను.

రాజాం_మాస్టారు:
సమంగా తూగవు బాబూ, తూగకూడదు. మంచికి ఒక మూలం, చెడుకి ఇంకో మూలం, రెండూ సరిసమానం అంటే ఇద్దరు దేవుళ్ళు ఉండాలి. అగస్టీను తొమ్మిదేళ్ళు ఉండి వదిలేసి వచ్చింది అక్కణ్ణించే. మేం ఒక్కడినే నమ్ముతాం కాబట్టి ఈ బరువు మోస్తన్నాం. నీ అభ్యంతరం గట్టిదే, దానికి భయపడి రెండోవాడిని తెచ్చి నిలబెట్టను.